కర్ర అడుగున బూడిద

ఆ కబురు చేపల గంపతో వచ్చింది. భాద్రపదమాసం, రెండు రోజులుగా ముసురు. యారాడ నుంచి పడవ మీద కాలవ దాటి మా వన్ టౌన్ సందులకు చేపలు తెచ్చే ఆవిడ మా గుమ్మం ముందు గంప దించింది. కవళ్ళు ఏరి నా పళ్ళెంలో వేస్తూ, తల ఎత్తకుండానే అంది.

"మీ కర్రల మావ పోనాడమ్మా. మొన్న ఆదివారం. ఆయాసం ఎక్కువైపోనాది. కూతురింట్లోనే."

నేను గభాలున లోపలికి చూశాను. మా అత్త మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది.

"మెల్లగా సెప్పు తల్లీ. మా అత్త వింటాది."

"ఓలమ్మ, ఆవిడికి సెప్పరేటి?"

"సెప్తాను. ఇప్పుడు కాదు."

ఆ ఇప్పుడు కాదన్నది నెల దాటినా కాలేదు. "తమ్ముడు ఇన్నాళ్ళూ రాలేదేటే?" అని, ఆయన్ని వరసపెట్టి తమ్ముడనే అత్త అడిగినప్పుడల్లా సముద్రం పోటుగా ఉంది, పడవలు తిరగడం లేదు అనేదాన్ని. అబద్ధం ఆడడానికి కూడా ఓపిక ఉండాలి. ఎనిమిదేళ్ళు మంచం పక్కన గడిపాక నాకు మిగిలిన ఓపిక ఆ ఒక్క అబద్ధానికే సరిపోయింది.

ఆయనకు పేరు లేక కాదు. ఆ పేరుతో మా సందులో ఎవరూ పిలవగా నేను వినలేదు. పోర్టులో కళాసీ పని, అంటే గొలుసులూ తాళ్ళూ లాగే పని, ముప్పై ఏళ్ళు చేసి దిగిపోయి, సందులో ముసలాళ్ళకు చేతికర్రలు చేసిపెట్టేవాడు. లాగి లాగి కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. దూరం నుంచి చూస్తే కనపడని బిందె ఏదో మోస్తున్నట్టు ఉండేవాడు. బిస్కెట్ల డబ్బా ఒకటి చంకలో ఉండేది. అందులో ఒక కత్తి, ఆకురాయి, వల అల్లే నైలాన్ దారం, నల్లటి రబ్బరు ముక్కలు. ఆ రబ్బరు పోర్టులో ఇనుపరాయి మోసే బెల్టులది. అరిగిపోయిన బెల్టులు పాత సామాన్ల కొట్లకు వచ్చేవి. "రాయి మోసిన రబ్బరు మనిసిని మొయ్యదేటి?" అనేవాడు.

సందులో నడిచేటప్పుడు గోడలు తడుముతూ నడిచేవాడు. మొదట్లో చూపు ఆనదేమో అనుకున్నాను. చూపు బాగానే ఉంది. ముసలాళ్ళు ఎక్కడ చెయ్యి వేస్తారో, అక్కడ గోడ పెచ్చు ఊడి ఉందో గట్టిగా ఉందో తెలుసుకోవడానికట.

అసలు నాకు ఆ మనిషంటే మొదట గిట్టేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయన పోయాడు. మా వైపు పోయినవాళ్ళ చేతికర్రను వాళ్ళతోపాటే సాగనంపేస్తారు. పాడె మీద ఆయన పక్కన కర్ర పెట్టారు. అప్పుడొచ్చాడు ఈయన. దణ్ణం పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు.

"బాబూ, ఆ కర్ర ఒకపాలి ఇయ్యండి. సూసి ఇచ్చేస్తాను."

కొడుకు మండిపడ్డాడు. "ఏటి మావా, పీనుగు పక్క కర్ర కూడా ఒగ్గవేటి నువ్వు?"

ఆయన వంగి తనే తీసుకున్నాడు. తలకిందులు చేసి, అడుగు భాగాన్ని వెలుతురుకు పట్టి, బొటనవేలితో చుట్టూ తడిమాడు. "ఎడం పక్కే అరిగిపోనాది. నాను తిన్నగా కోసీసినాను," అని గొణిగి, కర్రను మళ్ళీ ఆ పెద్దాయన కుడిచేతి పక్కన, బతికున్నవాడికి అందించినట్టు పెట్టి వెళ్ళిపోయాడు. శవం దగ్గర ఇదేం చూపురా బాబూ అనిపించింది నాకు. చాలా ఏళ్ళ తర్వాత ఆ సంగతి ఎత్తితే ఆయనేం సిగ్గుపడలేదు.

"బతికున్నోల్ని అడిగితే బాగుంది మావా, బాగుంది మావా అంతారు. నా ముందర నిటారుగా నడుస్తారు. నానెల్లిపోయాక ఎలగ నడిసినారో కర్రకే తెలుస్తాది. కాల్చీస్తే ఆ తెలిసింది కూడా కాలిపోతాది కదమ్మా?"

మా అత్తకు చక్కెర జబ్బు. అప్పట్లో ఇంట్లోనే నీలం మందు గాజు గొట్టంలో పోసి, ఒంటికి వెళ్ళింది నాలుగు చుక్కలు వేసి కాచి చూసేవాళ్ళం. ఆకుపచ్చ వస్తే చక్కెర తక్కువని ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇటుక రంగు వస్తే ఆ పూట ఆమె నాతో మాట్లాడేది కాదు, తప్పు నాదన్నట్టు. జబ్బు మెల్లగా పాదాల్లోకి దిగింది. "కాళ్ళ కింద ఎవులో దూది పరిసినట్టుందే. నేల ఎక్కడుందో తెల్డంలేదు," అనేది.

ఒకరోజు వంటింట్లో పడింది. తుంటి దగ్గర ఎముక చిట్లింది. మూడు నెలలు మంచం. కట్టు విప్పిన రోజున పెద్దాసుపత్రి డాక్టరు మా ఆయనతో ఒకే మాట అన్నాడు. "ఈసారికి అతుక్కుంది. ఇంకోసారి పడితే లేవదు. చూసుకోండి." ఆ మాట మాతోపాటే రిక్షా ఎక్కి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా పోలేదు. రాత్రి ఏ గిన్నె చప్పుడైనా నాకు ముందు ఆ మాటే వినిపించేది.

మా ఆయన బజారుకు వెళ్ళి నున్నగా మెరిసే కర్ర కొనుక్కొచ్చాడు. పిడి మీద సింహం తలకాయ. అత్త దాన్ని పైకీ కిందికీ చూసి, "పోలీసోడి లాఠీ తెచ్చినావేట్రా? ఎవుల్ని కొట్టాల?" అంది. నున్నటి గచ్చు మీద ఆనిస్తే అది సర్రున జారింది. గోడకు చేరవేసేశాం.

"కర్రల మావని పిలుద్దాం," అన్నాను.

"ఆడి సేతి కర్ర నాకొద్దు."

"ఎందుకత్తా?"

గోడవైపు తిరిగి పడుకుంది. ఎందుకో చెప్పలేదు. ఇద్దరూ ఆ సందులోనే ముప్పై ఏళ్ళుగా ఉన్నవాళ్ళు. ఆయన ఆమెను అప్పా అనేవాడు, ఆమె తమ్ముడా అనేది. గొడవలేం లేవు. అయినా నెలన్నర మొండికేసింది. చివరికి ఒక తెల్లవారుజామున నన్ను లేపడం ఇష్టంలేక, దొడ్లోకి చేతుల మీద పాక్కుంటూ వెళ్ళింది. నేను లేచి చూసేసరికి గడప మీద కూర్చుని ఉంది. మోచేతులు గీసుకుపోయాయి. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

"పిలు," అంది.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చోలేదు. ఎవరింటికి వెళ్ళినా అంతే. గుమ్మం మెట్టు మీద గొంతుకూర్చుని, నేను మంచినీళ్ళు తేబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు కోడలా. అప్పా, నువ్వు తే నీళ్ళు."

"ఏటి మావా, లెగనేని మనిసిని నీళ్ళు తెమ్మంతావా?" అన్నాను.

"ఎనక నువ్వుండు. ముట్టుకోకు."

అత్త లేచింది. నేను వెనకాలే. మంచం పట్టె, గోడ, తలుపు రెక్క, కుండ పెట్టిన బల్ల. ఆమె చెయ్యి ఎక్కడెక్కడ ఆనిందో ఆయన కళ్ళు అక్కడక్కడే ఆనాయి. గ్లాసు అందించేసరికి సగం నీళ్ళు ఒలికిపోయాయి. ఆ సగం తాగి, తీరిగ్గా మూతి తుడుచుకుని అడిగాడు.

"పడినపుడు ఎక్కడికెల్తన్నావప్పా?"

ఎలా పడ్డావని అందరం అడిగాం. డాక్టరూ అడిగాడు. ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగలేదు. పడిన మనిషిని ఎలా పడ్డావని అడిగితే తన తప్పేదో ఒప్పించినట్టు ఉంటుందని, ఎక్కడికి వెళ్తున్నావంటే నిజం వస్తుందని ఆయన లెక్క.

అత్త నాకేసి ఓసారి చూసింది. "దేవుడి దీపం కొండెక్కిందేమోనని..."

"దేవుడు పడమటింట్లో ఉన్నాడు కదప్పా. నువ్వు పడింది వంటింట్లో."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, పై అటక మీద ఉన్న బెల్లం డబ్బా చూశాడు. చూసి ఏమీ ఎరగనట్టు వచ్చి నాతో అన్నాడు. "కోడలా, పైనున్న డబ్బాలన్నీ నడుం ఎత్తుకి దించీ. ఉప్పు డబ్బా, పప్పు డబ్బా, అన్నీని."

అన్నీ ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. ఒక్కటే దించమంటే దొంగతనం బయటపడుతుంది. "తింటే ఒక ముక్క తింటాది. నిచ్చెనెక్కినట్టు ఎక్కి తినేకన్నా నేల మీద నిలబడి తినడం మేలు," అన్నాడు నాతో ఒంటరిగా, వెళ్ళిపోతూ. ఆ తర్వాత నేను బెల్లం అచ్చు చిన్న ముక్కలుగా కొట్టి డబ్బాలో లెక్కపెట్టి వేసేదాన్ని. అత్తా నేనూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పిడి ఎంత లావుండాలో తేల్చడానికి ఆ రోజు నేను కొన్న బీరకాయలు అడిగాడు. ఒక్కొక్కటే అత్త చేతిలో పెట్టి, "గట్టిగా పట్టు. పొద్దున్న నీ ఏళ్ళు వాస్తాయి కదా, అలగనుకుని పట్టు," అన్నాడు. మూడోది చేతిలో ఇమిడింది. దానికి దారం చుట్టి కొలత తీసుకున్నాడు. సాయంత్రం ఆ బీరకాయే కూరైంది. వారం తర్వాత ఆయన కర్ర తెచ్చేసరికి అత్త ఫిర్యాదు చేసింది.

"ఒరే తమ్ముడా, నా కర్ర పిడి నీ కోడలు కూర వండీసిందిరా!"

"కొలత ఉంది లే అప్పా. ఉప్పు సరిపోనాదా?"

అంతే, ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు విని అయిదు నెలలైంది.

కర్ర వెదురుది. పిడికి నైలాన్ దారం చుట్టాడు, చెమట పట్టినా జారకుండా. మణికట్టుకు తగిలించుకునే తాడు ఒకటి వేశాడు, డబ్బా మూత తియ్యడానికి రెండు చేతులూ ఖాళీ ఉండాలని. ఆ సంగతి మాత్రం పైకి అనలేదు. పొడుగు ఆమె ఒంటిని బట్టి కాదు, మా గడపను బట్టి కోశాడు. "అందరూ మనిసికి కొలుస్తారు. మనిసి గదిలో పడదు, గడప కాడ పడతాది. ఇంటికి కొలవాల." నొప్పి ఉన్న పక్క కాకుండా అవతలి చేతిలో పట్టుకోమన్నాడు. అడుగున బెల్టు రబ్బరు, మా పాత రూపాయి బిళ్ళంత వెడల్పున, మధ్యలో కాస్త గుంట.

అన్నిటికంటే వింత, వెదురు లోపల చివరి కణుపు కింద ఒక చింతపిక్క వేసి మూసేశాడు. కర్ర నిటారుగా ఆనితే టక్కుమని ఒక్క చప్పుడు. పక్కకు ఒరిగితే పిక్క దొర్లి గరగరమంటుంది.

"నీ కాలు సెప్పడం మానీసింది కదప్పా, నేల వొచ్చిందని. కాలు సెప్పకపోతే సెవికి సెప్పాల. గరగరమందంటే ఆగిపో. అడుగెయ్యకు."

మొదటి రోజు అత్త గడప దాటింది. టక్కు. మెట్టు దిగింది. టక్కు. సందులో ఎండలో నిలబడి, ఎర్రటి ఇనుపధూళి పడిన మా బట్టల తీగ చూసి, "ఎంత మురిక్కా ఉతికినావే ఇవి?" అని నన్ను తిట్టింది. ఆ తిట్టు నాకు ఎంత తియ్యగా ఉందో.

ఆ టక్కు చప్పుడు మా ఇంటి గడియారమైపోయింది. తెల్లారి దొడ్లోకి, పది గంటలకు పంపు దగ్గరి అరుగు మీదకి, మధ్యాహ్నం నేను కునుకు తీసేటప్పుడు బెల్లం డబ్బా దగ్గరకి. ఒక అలవాటు మాత్రం నాకు అంతుబట్టేది కాదు. రోజూ పొద్దున్నే లేవబోయే ముందు అత్త కర్రను తిరగేసి, అడుగును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఏ కుక్క ముట్టుకుందో అని చూసుకుంటోంది కాబోలు అనుకునేదాన్ని. ముసలితనంలో ఎవరి చాదస్తం వారిది.

ఆయన చాదస్తం దసరాకి కనిపించేది. ఆయుధపూజ అంటే పోర్టు ఊరికి పెద్ద పండగ. క్రేన్ల నుంచి కత్తిపీట దాకా అన్నిటినీ కడిగి, నూనె పట్టించి, బొట్లు పెడతారు. ఆ మర్నాడు పొద్దున్నే, సందు ఇంకా లేవకముందే, ఆయన కొబ్బరిచిప్పలో జల్లించిన బూడిద, భుజం మీద పాత ఖాకీ గుడ్డ పట్టుకుని వచ్చేవాడు. తన చేతి కర్ర ఉన్న ఇల్లల్లా తిరిగేవాడు. కర్ర తిరగేసి, అడుగున బూడిద రుద్ది, గుడ్డతో తుడిచేవాడు. మూడుసార్లు. మూడోసారి తుడిచాక ఆ రబ్బరును తన చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు కర్రను మనిషి చేతికి ఇచ్చేవాడు. అది ఆయన మార్కు పూజ అనుకునేవాళ్ళం అందరం. పండగ పిండివంట పెడితే తినకుండా మూటగట్టుకుని పక్కింటికి పరిగెత్తేవాడు.

ఒక ఏడాది దసరాకి వాన విరుచుకుపడింది. పొద్దెక్కాక వచ్చాడు. చిప్ప మీద అరిటాకు కప్పి బూడిదను పొడిగా తెచ్చాడు, తను మాత్రం తడిసి ముద్దయ్యాడు. అత్త కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. మంచం పక్కన కర్ర తీసి తుడిచి పెట్టి, మెట్టు మీద కూలబడ్డాడు. అప్పటికే ఆయనకు దగ్గు మొదలైంది. టీ చేతికిస్తూ ఊరికే అడిగాను.

"పండగపూట ఇలగ ఇల్లిల్లూ తిరుగుతావు. నీ పనిముట్లకి పూజ సెయ్యవేటి మావా?"

"సేసినాను. సాలా ఏళ్ళు సేసినాను."

వాన వైపు తిరిగాడు. నాకు చెబుతున్నట్టు కాకుండా వానకు చెబుతున్నట్టు చెప్పాడు.

"గొలుసులకీ కప్పీలకీ నూనె పట్టించి, తుడిసి తుడిసి, ముప్పై ఏళ్ళు ఈ సెయ్యి అదే సేసింది. ఆ ఏడు ఇంట్లో నా ఉలీ, రంపం, ఆకురాయీ వరసగా పెట్టి నూనెగుడ్డతో తుడిసినాను. మా ఆవిడ కర్ర కూడా అక్కడే గోడకి ఆనించుంది. నాను సేసిన మొదటి కర్ర అది. దాన్నీ తుడిసినాను. పైనుంచి కిందదాకా. అడుగుతో సహా."

టీ ముట్టుకోలేదు.

"ఆవిడికి ఊపిరందని జబ్బు. నాలుగడుగులేస్తే ఆగాల. తెల్లారి ముగ్గెయ్యడానికి లెగిసింది, కర్ర జారిపోనాది. తొడెముక ఇరిగిపోనాది. నెల తిరక్కుండా ఎల్లిపోనాది. గచ్చు మీద జానెడు నూనె గీత. నానే తుడిసినాను దాన్ని, ఎవులూ సూడకుండా."

"మీ ఆవిడికి తెలుసా మావా?"

"నేదు. 'నాకే కళ్ళు తిరిగినాయి' అనీది. సెప్దావని నోటిదాకా వొచ్చేది. సెప్పనేకపోనాను. తప్పు తనదే అనుకుంటా పోనాది పిచ్చిది." లేచి చిప్ప తీసుకున్నాడు. "మీ అత్తకి సెప్పకు కోడలా. బయపడతాది."

నేను చెప్పలేదు. ఆ తర్వాత దసరాలకి ఆయన తుడుస్తుంటే నేను వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు.

మా ఆయనకు పోర్టు పని పోయి, స్టీలు ప్లాంటు కడుతున్న చోట పని దొరికిన ఏడే, కర్రల మావను కూతురు యారాడ తీసుకెళ్ళిపోయింది. అయినా రబ్బరు మార్చే వేళకూ, దసరాకూ పడవ దాటి వచ్చేవాడు. గోడలు తడమడం అలాగే ఉంది, కానీ ఇప్పుడు గోడే ఆయన్ని మోసేది. "నువ్వో కర్ర సేసుకోకూడదేటిరా?" అని అత్త అడిగితే, "నాకు కొలత తీసేవోడు ఎవడున్నాడప్పా?" అన్నాడు. చివరిసారి వచ్చినప్పుడు రబ్బరు మీద కత్తి నిలవలేదు. కత్తి నా వైపు జరిపాడు.

"నువ్వు కొయ్యి కోడలా. ముందు పాతది సూడు. ఎటు అరిగింది?"

"కుడి పక్క."

"ఎందుకరిగింది?"

"పంపు కాడికి ఎల్లే దారి వాలుగా ఉంది కదా మావా."

ఆయన నా ముఖంలోకి చూసి తల ఊపాడు. మెచ్చుకోలేదు. అలసిపోయిన మనిషి చేతిలో బరువు ఇంకొకరి చేతికి మారినప్పుడు భుజం ఒక్కసారి కిందికి దిగుతుంది చూడండి, ఆ దిగడం కనిపించింది.

ఇదిగో, ఈ ఏటి దసరా వచ్చింది. ఆయుధపూజ రాత్రి నేను వంటింట్లో ఉన్నాను. అత్తకు ఒళ్ళు వెచ్చగా ఉండి పెందలాడే పడుకుంది. మా ఆయన పానాలు, సుత్తి, సైకిలు అన్నీ మూల పెట్టి పూజ చేసుకున్నాడు. తెల్లారి నేను లేచి వచ్చేసరికి అత్త మంచం మీద కూర్చుని ఉంది. కర్ర తొడల మీద అడ్డంగా పెట్టుకుంది. పిడి కింద కుంకుమబొట్టు.

"దొడ్లోకెల్లావా అత్తా?"

"నేదు. తమ్ముడు వొచ్చి తుడిస్తేగాని లెగను. నీ మొగుడు దీనికీ పూజ సేసినాడే. అమ్మ కర్ర కదాని భక్తి."

కర్ర తీసుకుని తిరగేశాను. రబ్బరు నల్లగా మెరుస్తోంది. వేలు పెడితే జారింది. ఆమె వాసన చూసుకోకుండా లేచి ఉంటే?

"పడవలు తిరగవేమో ఈ రోజు," అన్నాను. "నాను తుడుస్తాను లే."

పొయ్యిలోంచి బూడిద తీసి జల్లించాను. ఆమె ముందే నేల మీద కూర్చుని, రుద్ది, తుడిచాను. మళ్ళీ రుద్ది, తుడిచాను. ఇచ్చాను. అత్త అందుకోలేదు.

"ఆడు పోనాడు కదేటే?"

నా చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఎవులు సెప్పినారు?"

"నువ్వే. ఆడు బతికుంటే ఈ రోజు నీ సేత ముట్టనిస్తాడేటి? పడవ నేకపోతే ఈదుకుని వొచ్చీవోడు." కర్ర నా చేతిలోంచి లాక్కుని అడుగు వాసన చూసింది. "ఇంకా ఉంది నూనె. ఆడు మూడుసార్లు తుడుస్తాడు. మళ్ళీ తుడు."

నేను తుడుస్తున్నాను. ఆమె నా తల మీదుగా ఎటో చూస్తూ మాట్లాడింది.

"ఆడి పెళ్ళాం నా జట్టు. ఇద్దరం ఒకే పంపు కాడ నీళ్ళు పట్టుకునీవోలం. పడ్డ మర్నాడు నానెల్తే, మంచం కిందనుంచి కర్ర తీసి నా ముక్కు కాడ పెట్టింది. నువ్వుల నూనె. 'అప్పా, ఆయనకి తెలీకూడదు. తెలిస్తే ఇంక అన్నం ముట్టడు. నాకే కళ్ళు తిరిగినాయని సెప్పినాను. నువ్వూ అలగే సెప్పు' అంది. ఒట్టేయించుకుంది."

ఆ వానలో మెట్టు మీద కూర్చున్న మనిషి నా కళ్ళ ముందు కదిలాడు. ఆయన ఆమెకు తెలియదనుకున్నాడు. ఆమె ఆయనకు తెలియదనుకుంది. మధ్యలో మా అత్త, ఇన్నేళ్ళూ.

"అందుకేనా మొదట్లో మావ కర్ర వొద్దన్నావు? బయమేసిందా?"

"నా గురించి కాదే." అత్త నా చేతిలోని కర్ర వైపు చూసింది. "ఆడి కర్రతో నాను కూడా పడితే ఆడేటైపోతాడు? ఎనిమిదేళ్ళూ అదే బయం నాకు. అడుగడుక్కీ."

మూడోసారి తుడవడం అయింది. ఏమీ ఆలోచించకుండానే రబ్బరు నా చెంపకు ఆనించి చూసుకున్నాను. గరుగ్గా, పొడిగా ఉంది. అప్పుడు ఇచ్చాను. అత్త కర్రను నేలకు ఆనించి, రెండు చేతులతో నొక్కి, అటూ ఇటూ కదిపి చూసింది. లోపల చింతపిక్క గరగరమంది. నిటారుగా చేసింది. టక్కు.

లేచి నిలబడింది.

"పెళ్ళాం మాట ఆడికి సెప్పుండాల్సిందేటే?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. రెండడుగులు వేసి, గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నా చేతిలోని బూడిద వైపు చూసింది.

"అలగ కూకున్నావేటి? ఆడి కర్రలు ఇంకా నాలుగిళ్ళలో ఉన్నాయి. బేగి ఎల్లు. ఈపాటికి ఎవులో ఒకలు లెగుస్తా ఉంటారు."